బకెట్టు, పైపు, ఎడిటోరియల్ పేజీ

18 లీటర్ల బకెట్టు నిండా నీళ్లు పడితే 40వ ఏటా 18 కేజీలే తూగుతుంది, 70వ ఏటా 18 కేజీలే తూగుతుంది. ఈ సంగతి ఫిజిక్సు ఒప్పుకుంటుంది గానీ నడుము ఒప్పుకోదు. భీమవరంలో రిటైరైన లెక్కల మేష్టారెవరి హాల్లోనైనా 3 అడుగుల అక్వేరియం ఉందంటే, ఆదివారం పొద్దున్నే ఆయన వేసే మొదటి లెక్క ఇదే. పొడవు 36 అంగుళాలు, వెడల్పు 15, నీటి లోతు 17. వెరసి 150 లీటర్లు. అందులో మూడో వంతు మార్చాలి. అంటే బకెట్లు మూడు బయటికి, మూడు లోపలికి. దారిలో ఒక గడప, తడిస్తే జారే టైల్సు, "ఏవండీ, మొన్నేగా డాక్టరుగారు బరువులెత్తొద్దన్నారు" అనే ఇల్లాలు.

కాబట్టి పైపే గతి. గొడవంతా ఆ పైపుతోనే.

అరంగుళం పైపు ఒక కొస ట్యాంకులో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చడం కుర్రతనంలో నేర్చిన విద్య. కట్టుడు పళ్లు వచ్చాక దాన్ని మానెయ్యాలి. పీల్చిన ఊపుకి పైసెట్టు ముందుకి జారుతుంది, చెయ్యి పైపు వదిలేసి పళ్లని పట్టుకుంటుంది, వదిలేసిన పైపు నట్టింట్లో తన పని తాను చేసుకుపోతుంది. పైగా ఆ మొదటి గుక్కలో ఏముంటుందో తెలిసినవాళ్లు చెప్పరు. పైపుని కుళాయి దగ్గర నిండా నింపుకుని, రెండు కొసలకీ బొటనవేళ్లు అడ్డం పెట్టి, ఒకటి ట్యాంకులో ముంచి వేలు తియ్యాలి, రెండోది బకెట్లోకి దించి వేలు తియ్యాలి. అంతే. నోటికి కాఫీ ఉండనే ఉంది.

అసలు ప్రమాదం ధార మొదలయ్యాక. స్టాండు మీద ట్యాంకు, నేలమీద బకెట్టు. ఈ ఎత్తు తేడాకి అరంగుళం పైపులోంచి నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు దిగుతాయి. బకెట్టు నిండటానికి రెండు నిమిషాలు. "రెండు నిమిషాలేగా" అని మేష్టారు పేపరు అందుకుంటారు. ఎడిటోరియల్ పేజీ రెండు నిమిషాల్లో తెమిలేది కాదు. పోలవరం మీద ఎవరో ఏదో రాసి ఉంటారు, దానికి మనసులోనే ఘాటుగా జవాబు రాయాలి, ఆ జవాబులో రెండో పేరా దగ్గర కన్ను మూతపడుతుంది. పాదాలకి చల్లగా తగిలినప్పుడు మెలకువ వస్తుంది. అప్పటికి సోఫా కింద ఉండాల్సిన హవాయి చెప్పు ఒకటి వీధి గుమ్మందాకా ప్రయాణం చేసి ఉంటుంది, రెండోది బల్లకోడుకి తట్టుకుని తిరుగుతూ ఉంటుంది. ట్యాంకులో మిగిలినవి నాలుగంగుళాల నీళ్లు. పైపు మూతి గులకరాళ్లమీద ఆనించి ఉంది మరి. అది ఆగమంటే ఆగదు.

ఈ వయసులో కునుకుని ఆపలేం, ధారని ఆపొచ్చు. ఈ ట్యాంకులో ఒక్కో అంగుళం దాదాపు 9 లీటర్లు. 50 లీటర్లు తియ్యాలంటే మట్టం 6 అంగుళాలు దిగాలి. పైపు లోపలి మూతి నీటిమట్టానికి 6 అంగుళాల కింద ఉండేలా, పైపు నొక్కుకుపోకుండా, అద్దం అంచుకి క్లిప్పు పెట్టాలి. నీరు అక్కడికి దిగగానే మూతిలోకి గాలి పోయి ధార దానంతటదే తెగుతుంది. రెండో కొస పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో వేస్తే బకెట్టే అక్కర్లేదు. ఇక ఎడిటోరియల్ చదవొచ్చు, దానిమీదే నిద్రా పోవచ్చు. రాళ్ల మధ్య చెత్త పీల్చే పని మాత్రం అంతకుముందే, పైపు చేత్తో పట్టుకుని, కాఫీ పడ్డాక చెయ్యాలి.

నింపేటప్పుడు ఇదే సూత్రం తిరగబడుతుంది. ముందురోజు డ్రమ్ములో పట్టి, మూత తీసి ఉంచిన కుళాయి నీళ్లయితే క్లోరిన్ చాలావరకు పోతుంది. (వేసవిలో కాలువలు కట్టేశారని బోరు జోలికి వెళ్లకండి. డెల్టా దిగువన చాలాచోట్ల అది ఉప్పునీరు.) కూలర్లో వాడే 18 వాట్ల పంపు డ్రమ్ములో వేస్తే నీళ్లు శుభ్రంగా ఎక్కుతాయి. మేష్టారు తృప్తిగా స్విచ్చి కడతారు. పైపు కొస ట్యాంకులో మునిగి ఉంటే, ఎక్కిన నీళ్లు వచ్చిన దారినే డ్రమ్ములోకి దిగిపోతాయి. పేపరబ్బాయికి చూస్తే ఆయన పొద్దుణ్నించీ ఒకే నీటిని కిందికీ పైకీ తిప్పుతున్నట్టు ఉంటుంది. ఆ కొసని ఎప్పుడూ నీటికి పైనే కట్టాలి.

గాలి పంపుదీ ఇదే పేచీ. అందంగా ఉంటుందని దాన్ని స్టాండు కింద దాస్తారు. నాలుగు చినుకులకి కరెంటు పోతుంది, గాలి ఆగుతుంది, సన్న గొట్టంలోంచి నీళ్లు వెనక్కి నడిచి పంపులోకీ, పక్కనున్న ప్లగ్గుబోర్డులోకీ దిగుతాయి. గొట్టం మధ్యలో, నీటిని వెనక్కి రానివ్వని చిన్న నాన్ రిటర్న్ వాల్వు పెట్టాలి. లేదా పంపుని నీటిమట్టానికి పైన, గోడకి తగిలించాలి. వాల్వు బిగించేముందు నోటితో ఊది చూడండి. గాలి వెళ్లే వైపు ట్యాంకు వైపే ఉండాలి. తిరగేసి బిగిస్తే బుడగలే రావు.

ఇన్ని చేశాక కూడా ఒకరోజు నీళ్లు తెల్లబడతాయి. నీళ్లలో చేపలకి విషమైన అమ్మోనియా ఎంతుందో రంగుతో చెప్పే కిట్టు తెస్తారు. లేత పసుపైతే మంచిది, ఆకుపచ్చకి తిరిగితే చెడ్డది. కంట్లో శుక్లం ఉన్న మనిషికి ఈ రెండు రంగులూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఆ రంగుల చీటీ మనవరాలితో చదివించడం మేలు.

ఈలోగా పక్కింటి రొయ్యల రైతు రానే వస్తాడు. "ఆయ్, ఏం కంగారు లేదండి మేష్టారూ. జియోలైట్ కొట్టేద్దారండి, ఎకరాకి పది కేజీలు." జియోలైట్ అంటే అమ్మోనియాని పీల్చుకుంటుందని చెరువుల్లో చల్లే పొడి. మేష్టారు కాగితం తీస్తారు. నాలుగడుగుల లోతు చెరువు ఎకరాకి 49 లక్షల లీటర్లు. ఆ లెక్కన 150 లీటర్లకి 0.3 గ్రాములు. ఈ భాగహారం తేలేలోపు రైతు గుప్పెడు తీసి చల్లేస్తాడు. గుప్పెడు 50 గ్రాములనుకున్నా ఎకరాకి టన్నున్నర దాటింది. ట్యాంకు మజ్జిగలా మారుతుంది. జియోలైట్ గనక బతికిపోయారు. అదే పర్మాంగనేటు లాంటి ఘాటు మందైతే, గుప్పెడు పడితే అంతే సంగతులు.

నీళ్లు తెల్లబడ్డది మందు లేక కాదు, మేత ఎక్కువై. పొద్దున మేష్టారు వేస్తారు. పాపం ఆకలేమో అని అమ్మగారు వేస్తారు. వేశామో లేదో గుర్తురాక మేష్టారు మళ్లీ వేస్తారు. రెండు నిమిషాల్లో తినగలిగినంతకు మించి వేసిందంతా కుళ్లి అమ్మోనియా అవుతుంది. దీనికి మందులషాపులో దొరికే వారం గళ్ల మాత్రల డబ్బాని మించిన సాధనం లేదు. ఆదివారం కూర్చుని ఏడు గళ్లలో ఏడు రోజుల మేత నింపేస్తే సరి. గడి ఖాళీగా ఉంటే వేసినట్టే. కానీ ఆ డబ్బా రంగు బీపీ మాత్రల డబ్బా రంగు కాకూడదు. అయిందా, మంగళవారం గడిలోని ఎర్ర గుళికల్ని మేష్టారు మంచినీళ్లతో మింగేసి, కొత్త మాత్ర నీచు వాసనొస్తోందని డాక్టరుగారికి ఫోను చేస్తారు. డాక్టరుగారిదీ భీమవరమే, ఆయనకీ చెరువులున్నాయి. బీపీ ఎంతుందని అడగరు. ఫీడు ఏ కంపెనీది, ఎన్నో నంబరు అని అడుగుతారు.