విత్తనమైతే దాస్తారు, మామిడిని ఎట్ల దాస్తారు?
పంటల విత్తనాలు దాచిపెట్టడం గురించి మీరు రాసిన ఆర్టికల్ బాగుంది అన్నా, కానీ నార్వేలో 2008లో తెరిచిన స్వాల్‌బార్డ్ విత్తనాల ఖజానాలో మైనస్ 18 డిగ్రీల్లో పెడితే పంటలన్నీ భద్రం అన్నట్టు రాసినారే, అది వరికి, రాగికి, శెనక్కాయకి సరే, మా చిత్తూరు మామిడికి కుదరదు. మామిడి టెంక బాగా ఎండితే చచ్చిపోతాది, ఫ్రీజర్లో అసలు బతకదు. పైగా టెంక నాటితే తల్లిచెట్టు కాయే వస్తుందని గ్యారంటీ లేదు, అందుకేగా అంటు కట్టేది. రకం మిగలాలంటే ఎక్కడో ఒకచోట చెట్టు బతికుండాల్సిందే.

మా తోట పాకాల దగ్గర దామలచెరువు పక్కన. గట్టుమింద ఒక నాటుచెట్టు ఉండేది, గుప్పెడు కూడా లేని పీచుకాయ, ముక్కు కొరికి జుర్రుకుంటే చేతి వాసన సాయంత్రం దాకా పోయేది కాదు. దానికి పేరు కూడా లేదు. పల్ప్ ఫ్యాక్టరీలకి బెంగళూరానే కావాలని, అదే మీరు తోతాపురి అంటారే, మా నాయన దాన్ని కొట్టించి అంట్లు పెట్టినాడు. ఇప్పుడు రేటు పడిన ఏడు కోతకూలి కూడా రాదు, అది వేరే కథలే. కొట్టేముందు ఒక్క కొమ్మన్నా అంటు కట్టుకోలేదే అని ఇప్పటికీ కడుపు మండతాది. పాకాల పక్క ఎవురికన్నా అట్లాంటి పీచుకాయ చెట్టుంటే చెప్పండి, వచ్చి అంటుకి పుల్లలు కోసుకుంటా.