లెక్క తేలాక ఏమవుతోంది?

2011లో ఉన్నత స్థాయి అవినీతిని విచారించే లోక్‌పాల్ కావాలని అన్నా హజారే దీక్షకు కూర్చున్నప్పుడు టీవీల ముందు దేశమంతా కూర్చుంది. లోక్‌పాల్ బిల్లు 2013 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం పొందింది. తొలి లోక్‌పాల్‌గా జస్టిస్ పినాకీ చంద్ర ఘోష్ నియమితులైంది మాత్రం 2019 మార్చిలో. ఆ అయిదేళ్లూ మైదానంలో జనం లేరు, కెమెరాలూ లేవు. ‘కామన్ కాజ్’ అనే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లి, 2017లో తీర్పు తెచ్చుకుని, అదీ అమలు కాకపోతే కోర్టు ధిక్కార పిటిషన్ వేసి వెంటపడితే తప్ప ఆ కుర్చీ నిండలేదు. అవినీతిపై పౌర సమాజం చేసే పనిలో దీక్షలకు దక్కే పేరు ఇలాంటి విసుగు పుట్టించే పనికి దక్కదు. ఫలితం మాత్రం ఎక్కువగా దీని నుంచే వస్తుంది.

సమాచార హక్కు కథా అంతే. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో కోట్ కిరానాలో తొలి ‘జన్ సున్‌వాయీ’ (ప్రజా విచారణ) పెట్టినప్పుడు అడిగింది ఒక్కటే: పంచాయతీ పనుల బిల్లులు, మస్టర్ రోళ్లు (కూలీల హాజరు పట్టీలు) అందరి ముందూ చదవండి. చదివితే చాలు, ఏది నిజమో ఏది కల్పనో ఊరే చెప్పేస్తుంది. పనిలోకే రాని మనిషి పేరున కూలి డ్రా అయిందా లేదా అన్నది తేల్చడానికి ఆడిటర్ అక్కర్లేదు, ఆ మనిషి పక్కింటివాళ్లు చాలు. అందుకే రికార్డుల నకళ్లు ఇవ్వడానికి అధికారులు అంతగా మొరాయించారు. 1996లో బ్యావర్‌లో 40 రోజుల ధర్నా జరిగింది. ‘హమారా పైసా, హమారా హిసాబ్’ (మా డబ్బు, మా లెక్క) అన్న నినాదం అక్కడి నుంచి నడిచి నడిచి 2005 నాటికి జాతీయ స్థాయి సమాచార హక్కు చట్టమైంది.

అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో గ్రామసభ చేసే సామాజిక తనిఖీని చేర్చింది. దీన్ని కాగితం మీద వదిలేయకుండా 2006 నుంచి ఒక వ్యవస్థగా నడిపిన తొలి రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. గ్రామాల యువతకే శిక్షణ ఇచ్చి, మస్టర్ చేతికిచ్చి ఇంటింటికీ పంపడం, ఎం.బుక్‌లో (పనుల కొలతల పుస్తకంలో) రాసిన కొలతను చెరువు గట్టు మీద టేపు పట్టి సరిచూడటం, చివరకు మండల స్థాయి ప్రజావేదికలో అధికారుల ఎదుటే అన్నీ చదవడం. ప్రభుత్వం తన డబ్బుతో తన తప్పులు వెతికించుకోవడం అరుదు. ఈ విషయంలో మన రాష్ట్రం గర్వపడాల్సిందే.

గర్వం అక్కడితో ఆగుతుంది. కాజేశారని తనిఖీల్లో తేలిన సొమ్ముతో పోలిస్తే తిరిగి రాబట్టింది కొద్ది మొత్తమే. ఫీల్డ్ అసిస్టెంట్‌ను తీసేయడం తేలిక. కొలతలు రాసిన, బిల్లుపై సంతకం చేసిన పైవాళ్ల దాకా వచ్చేసరికి ఫైలు నడక మందగిస్తుంది, బదిలీ వస్తుంది, తర్వాతి తనిఖీకి అదే పేరు మరో మండలంలో కనిపిస్తుంది. నిలబడి నోరు విప్పిన కూలీ మాత్రం ఆ ఊళ్లోనే ఉండాలి. రెండోసారి ప్రజావేదికకు జనం తగ్గారంటే దాన్ని ఉదాసీనత అనడం అన్యాయం. మాట్లాడినా ఒరిగేది లేదని వారికి అనుభవం మీద తెలిసింది.

ఇండోనేషియాలో 600కు పైగా గ్రామాల్లో రోడ్ల నిర్మాణంపై ఆర్థికవేత్త బెంజమిన్ ఓల్కెన్ చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. వేసిన రోడ్లను తవ్వి, వాడిన సామగ్రిని లెక్కగట్టి, బిల్లులతో పోల్చారు. ప్రభుత్వ ఆడిట్ జరిగే అవకాశాన్ని 4 శాతం నుంచి 100 శాతానికి పెంచి, ఆ సంగతి ముందే చెబితే మాయమయ్యే సొమ్ము 8 శాతం పాయింట్లు తగ్గింది. గ్రామస్థులను జవాబుదారీ సమావేశాలకు ఎక్కువ మందిని పిలిస్తే మొత్తం మీద పెద్ద తేడా రాలేదు. వివరంలోకి వెళ్తే కూలి డబ్బు దోపిడీ తగ్గింది, సామగ్రిలో దోపిడీ తగ్గలేదు. తన కూలి ఎంతో కూలీకి తెలుసు, రోడ్డు కింద ఎంత కంకర పోశారో ఎలా తెలుస్తుంది? పౌర సంఘాలే అన్నీ చూసుకుంటాయని చెప్పి ప్రభుత్వం ఆడిట్ నుంచి తప్పుకోవడం ఎంత ప్రమాదమో ఇది చెబుతుంది. పౌరుల కన్ను, ఆడిటర్ కొలత రెండూ కావాలి.

ఉగాండా ఉదాహరణ పత్రికలకు తీపిగా వినిపిస్తుంది. 1991-95 మధ్య బడులకు కేటాయించిన గ్రాంటులో సగటున 13 శాతమే బడిదాకా చేరిందని ఒక సర్వేలో తేలింది. ఎంత విడుదలైందో పత్రికల్లో, బడి గోడల మీద ప్రకటించడం మొదలెట్టాక 2001 నాటికి అది సుమారు 80 శాతానికి చేరింది. ఘనత అంతా వార్తలదే అనుకోవడం మాకూ ఇష్టమే! అయితే అదే కాలంలో నిధుల విడుదల పద్ధతిని కూడా మార్చారని, దాని వాటా తక్కువేమీ కాదని తర్వాతి పరిశీలకులు గుర్తుచేశారు. ఒప్పుకోక తప్పదు.

ఈ నేపథ్యంలో మమ్మల్ని కలవరపెడుతున్నది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. దాని 44(3) సెక్షన్ సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే 8(1)(జె)ని మార్చేసింది. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారమైనా ఇవ్వొచ్చన్న వెసులుబాటు ఆ క్లాజులో ఉండేది, ఇప్పుడు తీసేశారు. హాని కన్నా ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చనే 8(2) సెక్షన్ ఉంది కదా అంటుంది ప్రభుత్వం. ఉంది. కానీ ఇవ్వాలా వద్దా అన్నది మళ్లీ అడిగించుకునే అధికారి చేతిలోనే. మస్టర్ రోల్ అంటే పేర్ల జాబితా. పింఛన్లు, ఇళ్లు, రేషన్ అన్నీ పేర్ల జాబితాలే. పేర్లు చెరిపేసిన జాబితాతో ప్రజావేదికలో ఎవరిని పిలిచి ‘నీకు డబ్బు ముట్టిందా’ అని అడగాలి? గోప్యత పౌరుడి హక్కు, ప్రజాధనం కాజేసినవాడికి ముసుగు కాదు.

గోప్యత నిజంగా అవసరమైన చోట మాత్రం దాన్ని కాపాడలేకపోయాం. జాతీయ రహదారుల పనుల్లో అక్రమాలపై ఇంజినీరు సత్యేంద్ర దూబే 2002లో ప్రధానికి లేఖ రాశారు. తన పేరు బయటపెట్టవద్దని కోరారు, అయినా ఆ లేఖ కార్యాలయాలు దాటి చేతులు మారింది. 2003 నవంబరులో గయలో ఆయన హత్యకు గురయ్యారు. దోపిడీ దొంగల పనేనని దర్యాప్తు తేల్చింది సరే, పేరు దాచమన్న మనిషి పేరు ఎందుకు దాగలేదన్న ప్రశ్న మిగిలే ఉంది. అక్రమాలను బయటపెట్టే ప్రజావేగుల రక్షణ చట్టానికి పార్లమెంటు 2014లో ఆమోదం తెలిపింది. అమలు తేదీ ప్రకటించకుండా ఏళ్ల తరబడి అటకెక్కించారు.

స్వచ్ఛంద సంస్థలకూ ఒక మాట. ఎదుటివారి లెక్క అడిగేవారు తమ విరాళాల లెక్క అడగకముందే బయటపెట్టాలి. కొన్ని పెడుతున్నాయి, చాలా పెట్టడం లేదు. ప్రభుత్వాలు దీన్ని సాకుగా తీసుకుని నచ్చని గొంతులు నొక్కడం వేరే సంగతి, దాన్ని సమర్థించలేం.

హాంకాంగ్‌లో పోలీసు ఉన్నతాధికారి పీటర్ గాడ్బర్ తనపై అవినీతి దర్యాప్తు నడుస్తుండగానే 1973లో దేశం దాటిపోయినప్పుడు విద్యార్థులు వీధికెక్కారు. మరుసటి ఏడాదే స్వతంత్ర అవినీతి నిరోధక కమిషన్ పుట్టింది. 1975లో గాడ్బర్‌ను వెనక్కి తెచ్చి జైల్లో పెట్టారు. ఆ కమిషన్ దర్యాప్తుల తీరును సమీక్షించే కమిటీలో ఎక్కువ మంది ప్రభుత్వేతర సభ్యులు. మన అవినీతి నిరోధక శాఖల్లో ఏ కేసు ఎందుకు మూతపడిందో అడిగే పౌరులకు అలాంటి స్థానం లేదు.

సామాజిక తనిఖీలో తేలిన ప్రతి అంశానికీ గడువు పెట్టి, రాబట్టిన మొత్తాన్నీ, చర్య తీసుకున్న అధికారి హోదానూ పంచాయతీవారీగా వెబ్‌సైట్‌లో ఉంచాలి. గడువు దాటితే కేసు తనంతట తాను విజిలెన్స్‌కు వెళ్లాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక జీవో చాలు. కేంద్రం 8(1)(జె)ని పాత రూపంలోకి తెచ్చి, 2014 చట్టానికి అమలు తేదీ ప్రకటించాలి.