యుద్ధమొస్తోంది, ముందు నోటరీ చేయించుకోండి... అట!

వారం రోజులుగా హన్మకొండ, కాజీపేట ప్లాట్ల గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. పొద్దున బావమరిది పంపుతాడు, మధ్యాహ్నం పాత క్లాస్‌మేట్ పంపుతాడు, రాత్రికి అపార్ట్‌మెంట్ గ్రూపులో సెక్రటరీ గారు రెండు బాణాల గుర్తుతో సహా పడేస్తారు. కింద "నిజమే అన్నా", "కరెక్టు సార్" అని డజను దండాలు.

ఇంకా అందని అదృష్టవంతుల కోసం అందులో ఉన్నదిది: "పెద్ద యుద్ధం ఖాయం. మొదటి దెబ్బ బ్యాంకులకే, డిపాజిట్లు ఆపేస్తారు. బంగారం, షేర్లు నమ్ముకోవద్దు. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత మన దగ్గర ప్లాట్లు మూడింతలయ్యాయి. మామునూరు ఎయిర్‌పోర్టు మిలిటరీకి కూడా పనికొస్తుంది కాబట్టి అక్కడ రేటు ఇక ఆగదు. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ ఫీజు) కట్టిన ప్లాటైతే ఇంకేం చూడక్కర్లేదు. యుద్ధమొస్తే రిజిస్ట్రేషన్ ఆఫీసులు బంద్. ఇప్పుడే క్యాష్ ఇచ్చి నోటరీ అగ్రిమెంటు రాయించుకోండి, రిజిస్ట్రేషన్ తర్వాత తీరిగ్గా పెట్టుకోవచ్చు, ఖర్చు కూడా మిగులుతుంది." చివర్లో జై జవాన్. దాని కింద ఒక ఫోన్ నంబరు.

ఆ నంబరు చూస్తేనే సగం సంగతి అర్థం కావాలి. కాలేదు కాబట్టి ఒక్కొక్కటే చూద్దాం.

ముందు బ్యాంకుల సంగతి. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు కూడా ఇదే పాట పాడారు: ఏటీఎంలు రెండు మూడు రోజులు మూత అని. కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్‌చెక్ వాళ్లు అది అబద్ధమని చెప్పారు, ఏటీఎంలు నడిచాయి. 1965లో, 1971లో, కార్గిల్‌లో యుద్ధం పేరు చెప్పి డిపాజిట్లు ఆపింది లేదు. రాజ్యాంగంలో ఆర్థిక అత్యవసర పరిస్థితికి 360వ అధికరణం ఉంది, ఈనాటి వరకు ఒక్కసారి కూడా దాన్ని తీయలేదు. 2016 నోట్ల రద్దును పక్కన పెడితే, మన దగ్గర ఒక బ్యాంకులో డబ్బు తీసుకోవడానికి పరిమితి పెట్టిందంటే ఆ బ్యాంకు లోపలి కుళ్లే కారణం. 2019లో పీఎంసీ బ్యాంకు, 2020 మార్చిలో యెస్ బ్యాంకు. పీఎంసీ ఎవరికి అప్పులిచ్చి మునిగిందో తెలుసు కదా? ఒక రియల్ ఎస్టేట్ కంపెనీకి. భయపడాలనుకుంటే ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి బీమా 5 లక్షలే అన్నదాని గురించి భయపడండి, నాలుగు బ్యాంకుల్లో పంచి పెట్టుకోండి.

చరిత్ర తవ్వుతానంటే ఇంకో మాట. చైనా యుద్ధమప్పుడు వచ్చిన 1962 డిఫెన్స్ ఆఫ్ ఇండియా చట్టం ప్రభుత్వానికి స్థిరాస్తుల్ని స్వాధీనం చేసుకునే అధికారం ఇచ్చింది. స్థిరాస్తులంటే భూములు, ఇళ్లు. మరుసటి ఏడాది తెచ్చిన తప్పనిసరి డిపాజిట్ పథకంలో భూమి శిస్తు కట్టేవాళ్లను కూడా కలిపారు. అంటే యుద్ధానికి భయపడి దాక్కోవడానికి ఈ పెద్దమనిషి చూపించే చోటు, నిజంగా యుద్ధమొచ్చినప్పుడు సర్కారు చెయ్యేసిన చోటే.

బంగారం నమ్ముకోవద్దట. 2022 నుంచి తులం రేటు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో ఇంట్లో అమ్మనడగండి. తర్వాతది.

ఉక్రెయిన్ వల్ల ప్లాట్లు మూడింతలయ్యాయి, అట. అక్కడ యుద్ధం మొదలైంది 2022 ఫిబ్రవరి 24న. మన రాష్ట్రంలో ప్రభుత్వ మార్కెట్ విలువలు పెంచింది ఫిబ్రవరి 1న. అంతకుముందు 2021 జులైలో ఒకసారి పెంచి, రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తాన్ని ఏడున్నర శాతానికి చేర్చారు. పుతిన్ కంటే మన స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖే మూడు వారాలు ముందుంది. ఇక "మూడింతలు" ఎవరి లెక్క? చెప్పే రేటు వేరు, తెగే రేటు వేరు. గజం 25 వేలు అని ఫ్లెక్సీ కట్టినంత మాత్రాన ఆ రేటుకు బేరం తెగినట్టు కాదు. అదే లేఅవుట్‌లో ఆరు నెలల్లో ఎన్ని రిజిస్ట్రేషన్లు అయ్యాయో తీసి చూస్తే తెలుస్తుంది.

పైగా యుద్ధం మన ప్లాట్లకు మంచిదన్నవాడికి ఉత్తర తెలంగాణ తెలిసినట్టే లేదు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్లలో ప్లాటు కొనే డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? దుబాయ్, మస్కట్, కువైట్ నుంచి. 1990లో ఇరాక్ కువైట్ మీద పడితే దాదాపు లక్షా 70 వేల మంది భారతీయుల్ని విమానాల్లో వెనక్కి తేవాల్సి వచ్చింది. అలాంటిది మళ్లీ జరిగితే మెట్‌పల్లిలో అమ్మేవాళ్లు వరుస కడతారు, కొనేవాడు దొరకడు. హన్మకొండలో అమెరికా డబ్బు. కొత్త హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజన్నప్పుడు ఇక్కడ ఎన్ని బేరాలు చల్లబడ్డాయో ఏజెంట్లకే తెలుసు, వాళ్లు మెసేజ్ పెట్టరు.

మామునూరు. వరంగల్‌కు అక్కడ విమానాశ్రయం వస్తుందన్నది నిజమే. 2024 నవంబరులో 253 ఎకరాల సేకరణకు రాష్ట్రం 205 కోట్లు ఇచ్చింది, 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతించింది. కానీ "ఎయిర్‌పోర్టుకు 5 నిమిషాలు" అని బోర్డు పెట్టిన ప్లాటు రన్‌వే కొస దిక్కున ఉందా, పక్కన ఉందా అని ఒక్కడూ అడగడు. ఎత్తు కట్టాలంటే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అనుమతి కావాలి, జీ ప్లస్ ఐదు లెక్కతో గజం రేటు కట్టి జీ ప్లస్ రెండు దగ్గర ఆగిపోవచ్చు. దానికంటే ముఖ్యమైనది సేకరణ. 2013 చట్టం ప్రకారం పరిహారం లెక్క మొదలయ్యేది ప్రభుత్వ విలువ నుంచి, లేదా గత మూడేళ్లలో చుట్టుపక్కల రిజిస్టరైన ధరల నుంచి, ఏది ఎక్కువైతే అది. మీరు 60 లక్షలు ఇచ్చి కాగితం మీద 15 లక్షలు చూపించారు. పక్కవాడూ అదే చేశాడు. రేపు రోడ్డుకో రన్‌వేకో మీ ప్లాటు పోతే ఆ 15 నుంచే లెక్క మొదలు. సొలేషియం (పైన కలిపే అదనపు పరిహారం) ఎంత కలిపినా పునాది అదే. నల్లగా ఇచ్చిన 45 లక్షల గురించి ఏ కలెక్టరుతో మొరపెట్టుకుంటారు?

ఈ ఎయిర్‌పోర్టు ఏ పార్టీ తెచ్చిందని మెసేజ్ కింద జరిగిన యుద్ధం సంగతి వదిలేస్తున్నాను. ఈసీలో (ఆస్తి మీద అయిన రిజిస్ట్రేషన్లు చూపించే పత్రంలో) పార్టీ పేరు రాయరు.

ఎల్‌ఆర్‌ఎస్ కడితే చాలన్న మాట మాత్రం వదలలేం. ఎల్‌ఆర్‌ఎస్ క్రమబద్ధం చేసేది లేఅవుట్‌ని. అది మీ ప్లాటు అవునా కాదా అన్నది దాని పని కాదు. చెరువు శిఖంలో (నీళ్లు నిలిచే నేలలో) ఉన్నదాన్నీ, సర్కారు పేదలకిచ్చిన లావణి పట్టా (అసైన్డ్) భూమినీ అది మంచి చేయలేదు. అసైన్డ్ భూమి అమ్మకం 1977 చట్టం ప్రకారం చెల్లదు, ఎన్ని చేతులు మారినా అంతే. ఇంకో తద్దినం పాత లేఅవుట్లది. 1990ల్లో ఎకరాన్ని ప్లాట్లు చేసి సబ్ రిజిస్ట్రార్ దగ్గర అమ్మేశారు. రెవెన్యూ రికార్డు పహాణీలో మాత్రం పాత పట్టాదారు పేరే మిగిలింది. ఆయనకో, ఆయన కొడుకులకో పాసుబుక్కు వచ్చింది, తహసీల్దారు ఆఫీసులో అదే నేలను గుంటల లెక్కన మళ్లీ అమ్మారు. మీరు ప్లాటు నంబరుతో ఈసీ తీస్తే తెల్లగా ఉంటుంది, ఎందుకంటే ఆ రెండో అమ్మకం సబ్ రిజిస్ట్రార్ పుస్తకంలోకి రాలేదు. అందుకే సర్వే నంబరుతో సర్కారు భూరికార్డుల పోర్టల్ భూభారతిలో ఇప్పుడు ఎవరి పేరుందో, నిషేధిత జాబితాలో ఉందో లేదో, రెండూ చూడాలి. వానాకాలంలో ఒకసారి పోయి చూడాలి కూడా. 2020 ఆగస్టులో, 2023 జులైలో హన్మకొండ నయీంనగర్ నాలా పక్కన నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు ఎల్‌ఆర్‌ఎస్ కట్టారా అని అడగలేదు.

ఇప్పుడు అసలు విషం: నోటరీ. మెసేజ్‌లో పైన రాసిన యుద్ధమంతా ఈ ఒక్క వాక్యం మింగించడానికి పూసిన బెల్లం.

నోటరీ ధ్రువీకరించేది సంతకం పెట్టింది ఫలానా మనిషే అని. ఆ ప్లాటు ఆయనదేనా అన్నది ఆ ముద్రకు సంబంధం లేదు. ఆ కాగితం ఈసీలోకి ఎక్కదు. కాబట్టి ఒకే మనిషి సోమవారం హన్మకొండ అదాలత్ సెంటర్ దగ్గర మీకు, మంగళవారం వరంగల్‌లో ఇంకొకరికి, బుధవారం కరీంనగర్‌లో మూడో మనిషికి ఇదే ప్లాటు రాసిచ్చినా మీ ముగ్గురికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. గురువారం నాలుగో మనిషి ఈసీ తీస్తాడు, శుభ్రంగా ఉంటుంది, డబ్బు కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకుని పోతాడు. మీ అగ్రిమెంటు సంగతి తెలియకుండా, మంచి మనసుతో కొన్నాడని తేలితే చట్టం కాపాడేది అతణ్ని. వంద రూపాయలు దాటిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాల్సిందే. జీపీఏ (పవర్ ఆఫ్ అటార్నీ) మీద చేతులు మార్చుకున్నా హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. పదిహేనేళ్ల కింద తేలిన విషయం ఇంకా "లీగల్‌గా ఓకే" అని తిరుగుతోంది.

ఆ కాగితాల్లో ఒకదాన్ని దగ్గరగా చూడండి. హద్దులు ఇలా ఉంటాయి: తూర్పు, ఇతరుల ప్లాటు. పడమర, ఇతరుల ప్లాటు. ఉత్తరం, రోడ్డు. దక్షిణం, ఇతరుల ప్లాటు. ఏ ఇతరులు? ఎన్ని అడుగుల రోడ్డు? ఈ హద్దులతో జిల్లాలో ఏ ప్లాటైనా మీదే అనుకోవచ్చు. స్టాంపు పేపరు వెనక్కి తిప్పితే అది అమ్మిన తేదీ అగ్రిమెంటు తేదీ తర్వాతది. లింకు డాక్యుమెంటు (అమ్మేవాడికి ఆ ప్లాటు ఎలా వచ్చిందో చూపే పాత దస్తావేజు) నంబరు దగ్గర ఖాళీ. చివర ఒక లైను: "నేటి నుంచి స్వాధీనం అప్పగించితిమి." కొనేవాడికి ఆ లైను చూసి ధైర్యం. కోర్టులో ఆ లైనే గుదిబండ. స్వాధీనం ఇచ్చినట్టు రాస్తే ఆ అగ్రిమెంటుకు అమ్మకానికి కట్టినంత స్టాంపు డ్యూటీ కట్టాలి. 100 రూపాయల కాగితం పట్టుకుని పోతే తక్కువ పడిన డ్యూటీ, దాని మీద పదింతల దాకా జరిమానా కట్టేవరకు జడ్జి దాన్ని సాక్ష్యంగా తీసుకోరు. 200 గజాలు, గజం 15 వేలు, మొత్తం 30 లక్షలు అనుకోండి. డ్యూటీ 5.5 శాతం అంటే లక్షా 65 వేలు, దాని మీద పదింతల దాకా జరిమానా. ఇదీ మెసేజ్‌లో చెప్పిన "ఖర్చు మిగలడం". పూర్తి ధర చూపించి బుద్ధిగా రిజిస్ట్రేషన్ చేయించుకుంటే మొత్తం అయ్యేది 2 లక్షల 25 వేలు.

క్యాష్ అన్నది ఇంకో తెలివి. భూమి బేరంలో 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకుంటే తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా. ఇప్పుడు ఆలోచించండి: పేచీ వస్తే మీ దగ్గర 12 లక్షలు తీసుకున్నానని అమ్మినవాడు కోర్టులో ఒప్పుకుంటాడా? ఒప్పుకుంటే ఇంకో 12 లక్షలు పోతాయి. లేదనడమే అతనికి లాభం. ఆ దారి మనమే వేసిచ్చి, "మనిషి మోసం చేశాడు" అంటాం.

ఒక్క విషయంలో ఆ మెసేజ్ రాసినవాడికి దండం పెట్టాలి. రిజిస్ట్రేషన్లు నెలల తరబడి బంద్ కావడం అసాధ్యమేమీ కాదు. 2020 సెప్టెంబరు 8న మన రాష్ట్రంలో ఆపేశారు. ధరణి అనే కొత్త భూరికార్డుల పోర్టల్ కోసం. వ్యవసాయేతర ఆస్తులవి మళ్లీ మొదలైంది డిసెంబరు 14న. మూడు నెలల పైన. అదే ఏడాది ఆగస్టు 26 నుంచి అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్లు వద్దన్నారు. ఆఫీసు మూయడానికి యుద్ధం అక్కర్లేదు, ఒక మెమో చాలు. కాబట్టి తొందరపడటం తప్పు కాదు. కానీ ఆ తొందర రిజిస్ట్రేషన్ వైపు ఉండాలి. ఆఫీసు తెరిచి ఉంది, స్లాటు దొరుకుతోంది. రేపు మూస్తారేమో అన్న భయంతో ఈరోజు తెరిచి ఉన్న ఆఫీసుకు పోకుండా నోటరీ దగ్గరికి పోవడమేంటి?

డబ్బు ఇంకా సర్దుబాటు కాలేదు, అగ్రిమెంటు తప్పదు అంటారా, అప్పుడు అగ్రిమెంటునే రిజిస్టరు చేయించండి. స్వాధీనం లేకుండా రాస్తే డ్యూటీ అరశాతమే, ఈసీలో కనిపిస్తుంది, నాలుగో మనిషి "నాకు తెలియదు" అనలేడు. బయానా (అడ్వాన్సు) బ్యాంకు ద్వారా ఇచ్చి ఆ చెల్లింపు యూటీఆర్ నంబరు కాగితంలో రాయించండి. ఒరిజినల్ లింకు డాక్యుమెంట్లు చేతిలో పట్టుకుని చూడండి. జిరాక్స్ చూపించి "ఒరిజినల్ బ్యాంకు లాకర్‌లో ఉంది" అంటే అది లాకర్‌లో ఉందో, లోను కింద ఉందో కనుక్కోండి. అమ్మేవాడి భార్య, పెద్దపిల్లల సంతకాలు అడగండి. టేపు తీసుకుపోయి హద్దురాయి నుంచి హద్దురాయికి కొలవండి, 200 గజాల ప్లాటు 180 తేలడం రోజూ ఉండేదే.

ఇప్పటికే నోటరీ మీద డబ్బిచ్చినవాళ్లు కాగితం తీసి గడువు తేదీ చూడండి. ఆ తేదీ నుంచి మూడేళ్లలోపే కోర్టుకు పోవాలి. తేదీ రాయకపోతే అమ్మినవాడు చేయనన్నది మీకు తెలిసిన రోజు నుంచి లెక్క. "చేస్తా అన్నా, పంట రానియ్యి, బిడ్డ పెండ్లి కానియ్యి" అని ఫోన్లో చెప్పే మాటలతో ఆ గడువు పెరగదు. మిగతా డబ్బు సిద్ధంగా ఉందని వకీలు చేత స్పీడ్ పోస్టులో నోటీసు పంపించండి, అది అందిన రసీదు దాచుకోండి. ఆ రోజు నాటికి మీ బ్యాంకు ఖాతాలో ఆ మిగతా డబ్బు ఉన్నట్టు స్టేట్‌మెంటు కూడా తీసిపెట్టుకోండి, జడ్జి అడిగేది అదే. యుద్ధమొస్తుందని ఆ డబ్బు తీసి బీరువాలో పెట్టి ఉంటే ముందు తీసుకెళ్లి ఖాతాలో వేయండి.