అమ్మ దగ్గు కూడా రికార్డయిందట

పొద్దున్నే తెలియని నంబర్ నుంచి ఫోన్. తీస్తే అక్క. "పక్కింటి ఆంటీ ఫోన్ నుంచి చేస్తున్నానే. ఇకమీదట నా నంబర్‌కి చేస్తే మామూలు సంగతులే మాట్లాడు. మీ బావ అన్నీ వింటున్నారు" అంది.

అక్కకి తెలియకుండా ఆవిడ ఫోన్‌లో కాల్ రికార్డింగ్ పెట్టారట. నాన్న ఆపరేషన్‌కి అమ్మ గాజులు తాకట్టు పెట్టింది. ఆ సంగతి అక్కతో చెప్పుకుని ఏడ్చింది. నిన్న రాత్రి అన్నం దగ్గర బావ ఆ ముక్క పెట్టి వినిపించారట. మధ్యలో కుక్కర్ విజిల్, అమ్మ దగ్గు. ఆ దగ్గు గురించి చెప్తుంటే అక్క గొంతు పూడుకుపోయింది.

బావకి ఫోన్ చేసి అడిగేశాను. "తప్పు చేయనివాళ్లకి భయమెందుకు?" అన్నారు.

ఒళ్లు మండిపోయింది. 2024లో హైదరాబాద్‌లో ఫోన్ ట్యాపింగ్ కేసు బయటపడ్డప్పుడు టీవీ ముందు ఊగిపోయింది ఈయనే. ప్రతిపక్ష నాయకుల ఫోన్లు విన్నారని, ఎన్నికల ఫలితాలు రాగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని పోలీసులు చెప్తుంటే "ఇళ్లల్లో మాటలు వినడానికి వీళ్లెవరు?" అన్నది ఈ నోరే!

ఫోన్ మాటలు ప్రైవసీలో భాగమని సుప్రీంకోర్టు 1996లోనే పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో చెప్పింది. పోలీసులు వినాలన్నా మామూలుగా హోం కార్యదర్శి ఉత్తర్వు కావాలి. దానికి రెండు నెలలే గడువు, పొడిగించినా ఆరు నెలలు దాటకూడదు. మరి మొగుడికి ఏ ఉత్తర్వూ, ఏ గడువూ అక్కర్లేదా? భార్య ఫోన్ మాటలు ఆమెకి తెలియకుండా రికార్డ్ చేయడం చట్టవిరుద్ధమని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే అంది. బావ మాత్రం 2025 జులై సుప్రీంకోర్టు తీర్పు పట్టుకున్నారు. అది విడాకుల కేసులో భార్యాభర్తలు ఒకరితో ఒకరు మాట్లాడుకున్న మాటలు సాక్ష్యంగా తీసుకోవచ్చన్న తీర్పు. తల్లీకూతుళ్ల మాటలు చాటుగా వినమని అందులో ఎక్కడుంది?

అసలు మన ఆడపిల్లలకి ఇది చిన్నప్పుడే అలవాటు చేస్తారు. నేను ఇంటర్ చదివిన హాస్టల్‌లో ఆదివారం ఒక్క ఫోన్, ఐదు నిమిషాలు. ఆఫీసు గదిలో ఇంకో రిసీవర్ ఎత్తి వార్డెన్ వినేది. ఒకసారి నాన్నతో "అన్నంలో పురుగులొస్తున్నాయి" అన్నాను. టక్కున లైన్ కట్. తర్వాతి వారం నా వంతే తీసేశారు. ఆ తర్వాత ఏడాదంతా "బాగానే తింటున్నాను నాన్నా" అనే చెప్పాను. సెలవులకి ఎముకల గూడులా ఇంటికొస్తే, "ఫోన్‌లో ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా" అన్నారు నాన్న. ఏం చెప్పను? ఆ వార్డెన్‌ని నేను ఈ జన్మలో క్షమించను.

ఇందాక అమ్మకి ఫోన్ చేశాను. నాన్న మందుల గురించి అడిగితే, "నువ్వొచ్చినప్పుడు మాట్లాడుకుందాం లేవే" అని పెట్టేసింది. నా ఫోన్‌లో ఎవరూ వినట్లేదమ్మా అని చెప్పేలోపే.