పర్మిషన్ డినైడ్ వస్తే 777 కొట్టమనే మహానుభావులకు

ప్రాజెక్టుల సీజన్ వచ్చేసింది. ఇన్‌బాక్స్ నిండా ఒకటే స్క్రీన్‌షాట్. ఆర్డుయినో బోర్డులోకి ప్రోగ్రామ్ ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఆర్డుయినో ఐడీఈలో కింద ఎర్రక్షరాలు, వాటి చివర "పర్మిషన్ డినైడ్". వెనకాలే ఇంకో మెసేజ్: "అన్నా, వీడియోలో చెప్పినట్టు చ్‌మాడ్ 777 కొడితే పని చేసింది. కేబుల్ తీసి పెట్టేసరికి మళ్ళీ అదే ఎర్రర్."

అదే వస్తుంది తమ్ముడూ. రాకపోతేనే వింత. చ్‌మాడ్ 777 అంటే ఒక ఫైల్ మీద అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేసే కమాండ్.

ఉబుంటు లినక్స్‌లో బోర్డు గుచ్చగానే, పరికరాల ఫైళ్ళుండే డెవ్ ఫోల్డర్‌లో ఒక ఫైల్ పుడుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో కొనే క్లోన్ నానోలు, ఈఎస్‌పీ32 బోర్డుల మీద ఎక్కువగా సీహెచ్340 గానీ సీపీ2102 గానీ అనే యూఎస్‌బీ-సీరియల్ చిప్ ఉంటుంది కాబట్టి దాని పేరు టీటీవైయూఎస్‌బీ0 అవుతుంది. ఒరిజినల్ ఊనో ఆర్3 అయితే టీటీవైఏసీఎం0. టెర్మినల్‌లో ఎల్ఎస్ మైనస్ ఎల్ కమాండ్ కొట్టి ఆ ఫైల్‌ను ఒక్కసారి కళ్ళారా చూడండి. మొదట సి, తర్వాత రెండుసార్లు ఆర్‌డబ్ల్యూ, చివర వరసగా గీతలు. పక్కన రూట్ (సిస్టమ్ అడ్మిన్), డయలవుట్ (సీరియల్ పోర్టులు వాడేవాళ్ళ గ్రూపు) అని రెండు పేర్లు. రూట్‌కు చదివే హక్కు, రాసే హక్కు ఉన్నాయి. డయలవుట్ గ్రూపులో ఉన్నవాళ్ళకూ ఉన్నాయి. చివరి మూడు గీతలు మిగతా జనానికి, అంటే ఏ హక్కూ లేదని. మీరు ఆ మిగతా జనంలో ఉన్నారు, అంతే సంగతి.

777 కొడితే ఆ ఒక్క ఫైల్ హక్కులు మారతాయి. కేబుల్ పీకగానే ఆ ఫైల్ పోతుంది. మళ్ళీ పెడితే, పరికరాల ఫైళ్ళు చూసుకునే యూడెవ్ కొత్త ఫైల్‌ను పాత హక్కులతోనే పుట్టిస్తుంది. తాళంచెవి అడిగితే ఇచ్చే ఇంటికి రోజూ గోడ దూకి వెళ్ళడం లాంటిది ఈ వ్యవహారం.

ఇంతకంటే ఘోరమైన సలహా, ఐడీఈనే సుడోతో, అంటే రూట్ హక్కులతో, తెరవమనడం. అలా నడిపినప్పుడు మీ హోమ్ ఫోల్డర్‌లో రూట్ పేరు మీద ఫైళ్ళు పడే అవకాశం ఉంది. మర్నాడు మామూలుగా తెరిచి లైబ్రరీ ఇన్‌స్టాల్ చేయబోతే అక్కడా పర్మిషన్ గొడవే.

చేయాల్సింది ఒక్కటే. యూజర్‌మాడ్ కమాండ్‌తో మిమ్మల్ని డయలవుట్ గ్రూపులో చేర్చుకోవడం. ఫోన్‌లో ఎవరికైనా చెప్పేటప్పుడు నేను నొక్కి చెప్పేది: చిన్న ఏ, పెద్ద జీ, రెండూ ఉండాలి. చిన్న ఏ మర్చిపోతే డయలవుట్‌లో చేరతారు గానీ మిగతా గ్రూపులన్నీ ఊడిపోతాయి. వాటిలో అడ్మిన్ పనులకు అనుమతిచ్చే సుడో గ్రూపు కూడా ఉంటుంది. ఇక ఆ సిస్టమ్‌లో మీరు అతిథి.

చేర్చాక వెంటనే అప్‌లోడ్ కొట్టి "అయినా రావట్లేదన్నా" అంటారు. లాగౌట్ అయి రావాలి, రీస్టార్ట్ చేస్తే ఇంకా నిశ్చింత. గ్రూప్స్ అని ఒట్టిగా కొడితే ఇప్పుడున్న సెషన్ గ్రూపులు చూపిస్తుంది, పక్కన మీ యూజర్ పేరు ఇస్తే సిస్టమ్‌లో రాసి ఉన్నవి చూపిస్తుంది. రెండో దాంట్లో డయలవుట్ ఉండి మొదటి దాంట్లో లేదంటే మీరింకా లాగౌట్ కాలేదన్నమాట. ఆర్చ్ అనే ఇంకో లినక్స్‌లో ఈ గ్రూపు పేరు యూయూసీపీ. ఆర్చ్ వాడేవాళ్ళు ఎలాగూ వికీ చదువుకుంటారు, ఈ పోస్టు జోలికి రారు.

"నా ల్యాప్‌టాప్, నా ఇష్టం, 777తో ఏం కొంప మునుగుతుంది?" అని కామెంట్ పెట్టబోయేవాళ్ళకు: ఆ ఒక్క పోర్టుతో ఏమీ మునగదు, ఒప్పుకుంటా. కానీ ఆ చెయ్యి అక్కడితో ఆగదు. ఇదే అలవాటుతో సిస్టమ్ సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్ మొత్తానికి 777 కొడితే, సుడో ఎవరు వాడొచ్చో రాసి ఉండే సుడోయర్స్ ఫైల్‌ను ఎవరైనా మార్చగలరని సుడో అసలు పని చేయడమే మానేస్తుంది.

ఇంకో తంటా. ఉబుంటు 22.04లో సీహెచ్340 బోర్డు పెడితే కొన్నిసార్లు ఆ టీటీవైయూఎస్‌బీ0 ఫైలే కనిపించదు. సిస్టమ్ సందేశాలు చూపించే డీమెసేజ్ కమాండ్ కొట్టి చూస్తే బీఆర్‌ఎల్‌టీటీవై అనే పేరు ఉంటుంది. చూపు లేనివాళ్ళు వాడే బ్రెయిలీ డిస్‌ప్లేల కోసం పెట్టిన ప్రోగ్రామ్ అది. అలాంటి పరికరానికీ ఈ చిప్‌కూ యూఎస్‌బీ ఐడీ ఒకటే కావడంతో మన బోర్డును తనదనుకుని పట్టుకుంటుంది. మీకు అవసరం లేకపోతే తీసేయండి, కానీ దాన్ని బూతులు తిట్టే పోస్టులు షేర్ చేయకండి. అది లేకపోతే కంప్యూటరే వాడలేని వాళ్ళున్నారు. విండోస్‌లో కామ్ పోర్ట్ "యాక్సెస్ ఈజ్ డినైడ్" అంటే చాలాసార్లు ఇంకో విండోలో సీరియల్ మానిటర్ తెరిచి ఉంటుంది, మూసేయండి.

ల్యాబులు చూసుకునే సార్లకు, మేడమ్‌లకు ఒక్క విన్నపం. ఉబుంటు ఎక్కించిన రోజే స్టూడెంట్ అకౌంట్‌ను డయలవుట్‌లో చేర్చేయండి, నిమిషం పని. సుడో పాస్‌వర్డ్ ఇవ్వరు, గ్రూపులోనూ చేర్చరు, వైవాలో మాత్రం "ఎల్ఈడీ ఎందుకు వెలగలేదు?" అని అడుగుతారు.