ఓడీ 1.0 వస్తే 80 కోట్ల కణాలున్నట్టేనా?

కల్చర్ (ద్రవంలో పెంచిన బ్యాక్టీరియా) ఎంత మసకగా ఉందో కాంతితో కొలిచే అంకె ఓడీ, అంటే ఆప్టికల్ డెన్సిటీ. దాని గురించి ల్యాబ్ విద్యార్థుల మధ్య ఒక నోట్ తెగ తిరుగుతోంది. “600 నానోమీటర్ల దగ్గర బ్యాక్టీరియా కాంతిని పీల్చుకుంటుంది, రీడింగ్ 1.0 వస్తే మిల్లీలీటరుకు 80 కోట్ల కణాలు, ఏ బ్యాక్టీరియాకైనా ఏ మెషీన్‌లోనైనా ఇదే లెక్క, ఇక ప్లేటింగ్ దండగ” అని. ప్లేటింగ్ అంటే కల్చర్‌ను పోషకాలున్న ప్లేటు మీద పరిచి, పెరిగిన కాలనీలను లెక్కపెట్టడం. దీన్ని నమ్మి ప్రాజెక్టు రిపోర్టులు రాసేస్తున్నారు, అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి మాటే తప్పు. రంగులేని కణాలు ఆ కాంతిని దాదాపు పీల్చుకోవు, పక్కలకు చెదరగొడతాయి. నీళ్లలో రెండు చుక్కల పాలు వేస్తే మసకబారినట్టే. చెదిరిన కాంతి డిటెక్టర్‌కు చేరలేదు కాబట్టి మెషీన్ దాన్ని అబ్జార్బెన్స్‌గా (పీల్చుకున్న కాంతిగా) చూపిస్తుంది. 600 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఎంచుకున్నది కూడా బ్యాక్టీరియాను పెంచే పసుపు రంగు ఎల్‌బీ మీడియం (పోషక ద్రవం) అక్కడ కాంతిని పెద్దగా పీల్చుకోదు కాబట్టే.

“ఏ మెషీన్‌లోనైనా” అన్నది ఇక్కడే కూలిపోతుంది. చెదిరిన కాంతిలో ఎంత డిటెక్టర్‌లో పడుతుందనేది మెషీన్ లోపలి అమరికను బట్టి మారుతుంది, అందుకే ఒకే కల్చర్‌ను రెండు మెషీన్లలో పెడితే రెండు అంకెలు రావచ్చు. చిన్న గుంటల ప్లేటును చదివే ప్లేట్ రీడర్‌లో అయితే కాంతి దాటే దూరం కూడా 1 సెంటీమీటరు ఉండదు. 2018లో ఐజెమ్ అనే సింథటిక్ బయాలజీ విద్యార్థుల పోటీ కింద 244 ల్యాబులు సిలికా సూక్ష్మగోళాలతో మెషీన్లను సరిచూసుకునే పద్ధతిని పరీక్షించాయంటే, ఈ తేడా ఎంత పెద్ద సమస్యో చూడండి.

80 కోట్లు అనేది ఇ. కోలై అనే బ్యాక్టీరియాకు వాడే ఉజ్జాయింపు మాత్రమే. అదే ఇ. కోలై మంచి మీడియంలో వేగంగా పెరిగేటప్పుడు పెద్దగా ఉంటుంది, పెరుగుదల ఆగిన స్టేషనరీ దశలో చిన్నదైపోతుంది, అంటే ఒకే ఓడీకి వేర్వేరు సంఖ్యలు. ఇక గుత్తులు కట్టే స్టాఫిలోకాకస్‌కు, గొలుసులు కట్టే స్ట్రెప్టోకాకస్‌కు ఆ లెక్క ఎలా పనికొస్తుంది? ఈస్ట్‌లో అయితే ఓడీ 1 దగ్గర ఉండేవి కోటి నుంచి మూడు కోట్ల కణాలే.

ఇంకొకటి, ఆ నోట్‌లో అసలు లేనిది: చాలా మెషీన్లలో 0.4 దాటాక రీడింగ్ నిజం కన్నా తగ్గుతూ పోతుంది. చిక్కటి కల్చర్‌ను అదే మీడియంతో పలుచన చేసి చూడాలి, తర్వాత గుణించుకోవాలి.

ప్లేటింగ్ దండగ అనడం మాత్రం ప్రమాదకరం కూడా. చచ్చిన కణం పగలకుండా ఉంటే అదీ కాంతిని చెదరగొడుతుంది. యాంటీబయాటిక్ వేశాక ఓడీ తగ్గలేదని మందు పనిచేయలేదని రాస్తే అది తప్పు ఫలితం, బతికున్నవెన్నో కాలనీలు లెక్కపెడితేనే తెలుస్తుంది. మీ స్ట్రెయిన్‌ను (మీరు వాడే బ్యాక్టీరియా రకాన్ని), మీ మీడియంలో, మీ మెషీన్ మీద కొన్ని ఓడీల దగ్గర ప్లేట్ చేసి సొంత గ్రాఫ్ గీసుకోండి. అంత టైమ్ లేకపోతే రిపోర్టులో ఓడీ అంకె ఒక్కటే రాయండి, పక్కన మెషీన్ పేరు పెట్టండి, కణాల సంఖ్య మాత్రం రాయకండి.