లెక్కలోకి రాని డెంగీ

గోదావరి లంకల్లో వరద తీసేసరికి కాకినాడ, అమలాపురం, పాలకొల్లు, భీమవరం ఆసుపత్రుల్లో ఓపీ చీటీల దగ్గర జ్వరపీడితులు బారులు తీరతారు. ఏటా ఇదే వరస. వీరిలో డెంగీ ఎందరికి? ప్రభుత్వ కాగితం చెప్పే సంఖ్యకూ, ప్రైవేటు ఆసుపత్రుల్లో నిండిన మంచాలకూ పొంతన ఉండదు. నిమిషాల్లో ఫలితం చెప్పే ర్యాపిడ్ పరీక్ష కార్డు మీద గీత కనిపించగానే వైద్యం మొదలవుతుంది, బిల్లూ మొదలవుతుంది. సర్కారు మాత్రం ల్యాబులో చేసే ఎలైజా రక్తపరీక్షలో తేలితేనే డెంగీ అంటుంది. కార్డు ఒక్కోసారి పొరబడుతుందన్నది నిజమే. అలాంటప్పుడు ఆ రోగి రక్తనమూనా ఎలైజాకు వెళ్లాలి కదా! చాలాచోట్ల వెళ్లడం లేదు.

దీని నష్టం ఊరికి. డెంగీని మోసే ఏడిస్ దోమ పుట్టిన చోటు నుంచి మహా అయితే కొన్ని వందల మీటర్లు ఎగురుతుంది. రోగి ఇల్లు, పగలు కుట్టే దోమ కనుక అతని బడీ, పనిచోటూ తెలిస్తే వెతకాల్సిన వీధి తెలిసినట్టే. పేరే నమోదు కాకపోతే పంచాయతీ సిబ్బంది మురుగు కాల్వల మీద పొగ కొట్టి వెళ్లిపోతారు. ఈ దోమ పెరిగేది మంచినీటిలో. కోనసీమ పెరళ్లలో కొబ్బరి డొక్కల గుట్ట పక్కన పడేసిన చిప్పలో నిలిచిన గుక్కెడు వాననీరు దానికి చాలు. వాడకం నీళ్ల డ్రమ్ము ఇంకా ప్రమాదం. నీళ్లు పారబోసినా లోపలి అంచుకు అంటుకున్న గుడ్లు నెలల తరబడి ఎండి కూడా బతికే ఉంటాయి. మళ్లీ నింపితే వారం పది రోజుల్లో దోమలు లేస్తాయి. అందుకే గోడలను పీచుతో గట్టిగా తోమాలి.

ఇక ప్లేట్‌లెట్ల టెన్షన్. రక్తస్రావం లేనప్పుడు, సంఖ్య యాభై వేలకు దిగిందన్న ఒక్క కారణంతో ఎక్కించాల్సిన పని లేదు. జ్వరం తగ్గాక ఒకటి రెండు రోజులే అసలు గండం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నెత్తురు, మగత కనిపిస్తే క్షణం ఆగొద్దు. ఒళ్లునొప్పులని డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకోవద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరానికి పారాసెటమాల్ వాడాలి.

డెల్టా జిల్లాల కలెక్టర్లకు మా విజ్ఞప్తి ఒకటే. కార్డులో డెంగీ అని వచ్చిన ప్రతి రోగి నమూనానూ, చిరునామానూ ప్రైవేటు ఆసుపత్రులు అదే రోజు పంపేలా చూడండి. ఎలైజా ఫలితం కోసం ఆగకుండా మర్నాటి ఉదయానికి ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త ఆ వీధిలో ఉండాలి. ఊరివారీ లెక్కను వారం వారం సచివాలయం గోడ మీద అంటించండి.